గూళ్ల లెక్క తెలిసిన మహనీయుడు – డాక్టర్ సలీం అలీ

నల్లమల కొండల తూర్పు పాదాన, కంభానికి వాయవ్యంగా అర్ధవీడు ఉన్నది. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన వారికి ఆకాశం వంక చూడడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. మెట్ట పైరు వేసుకున్న రైతు మబ్బు కోసం చూస్తాడు. మేకల కాపరి పిల్లల మీద వాలబోయే గద్ద కోసం చూస్తాడు. పెరట్లోని పిల్లల కోడి సయితం నేలమీద ఆ నీడ కదలగానే రెక్కలు విప్పి పిల్లలను దాచుకుంటుంది. పశువు చనిపోయిన నాడు కొండవైపు నుండి రాబందులు బారులు తీరి దిగేవనీ, పొద్దు వాలేలోగా ఎముకలు తప్ప మరేమీ మిగిలేది కాదనీ మా పెద్దలు చెబుతుండగా మేము విన్నాము. నేటి విద్యార్థులలో రాబందును కళ్లారా చూసినవారు బహు అరుదు. అవి ఏ సంవత్సరంలో తగ్గనారంభించాయో, ఏ చరియ మీద ఎన్ని గూళ్లు ఉండేవో ఊళ్లో ఎవరినడిగినా చెప్పలేరు. అవి ఉన్నన్నాళ్లు వాటిని లెక్కపెట్టాలన్న ఆలోచన ఊళ్లో ఎవరికీ కలగలేదు. కళ్లముందు పుష్కలంగా ఉన్నదాన్ని లెక్కించి రాసి పెట్టుకునేవాడు లోకంలో అరుదు.

అటువంటి అరుదైనవారిలో అగ్రగణ్యులు డాక్టర్ సలీం అలీ. భారతదేశపు పక్షులను గురించి ఆయన రాసిన గ్రంథాల పేర్లు చాలామందికి తెలుసు. ఆయన పనిచేసిన తీరు మాత్రం మన విద్యార్థులకు అంతగా తెలియదు. ఒక గూటి ముందు కూర్చుని, రోజులు, నెలలు, సంవత్సరాలు ఓపికపట్టి, చూసినది చూసినట్లు రాసుకోవడమే ఆ తీరు. ఆ విద్య మా ప్రాంతపు కొండలకు ఎందుకు అవసరమో చెప్పడానికి ఆ మహనీయుని జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా స్మరిస్తున్నాము.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఏడాది వయసులో తండ్రి మొయిజుద్దీన్, మూడేళ్ల వయసులో తల్లి జీనతున్నిసా మరణించారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, సంతానం లేని ఆయన భార్య హమీదా బేగం ఆ అనాథలందరినీ తమ ఇంట పెంచి పెద్దచేశారు. ఆ ఇంట వేటకు పోవడం గౌరవప్రదమైన వినోదం. పిల్లవానికి మేనమామ ఒక చిన్న గాలితుపాకి ఇచ్చారు. పెద్దయ్యాక గొప్ప వేటగాడు కావాలన్నదే ఆనాటి ఆ బాలుని కోరిక.

ఆ తుపాకితోనే, పదేళ్ల ప్రాయంలో, ఆయన తన మొదటి పరిశీలన చేశారు. గుర్రపుసాలలో ఒక ఊరపిచ్చుక గూడు పెట్టింది. ఆడపిచ్చుక లోపల గుడ్లమీద కూర్చుంటే మగపిచ్చుక బయట మేకు మీద వాలి కాపలా కాసేది. బాలుడు బండి చాటున నక్కి మగపిచ్చుకను కొట్టాడు. కొద్దిసేపటిలోనే ఆడది మరొక మగపిచ్చుకను తోడు తెచ్చుకున్నది. అదీ అదే మేకు మీద కాపలాకు కూర్చున్నది. దాన్నీ కొట్టాడు. ఇలా ఏడు రోజులలో ఎనిమిది మగపిచ్చుకలు ఒకే గూటి ముందు నేలకొరిగాయి. ప్రతిసారీ ఖాళీ పూరించడానికి ఒకటి సిద్ధంగా ఉన్నది. ఈ పని క్రూరమైనదే. ఆనాడు ఆయన దృష్టి వేటగాని గొప్ప మీదనే ఉన్నది. అయితే ఆ సంగతిని ఆయన తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నారు. ఆ నాలుగు ముక్కలలో ఎంతటి శాస్త్రం దాగి ఉన్నదో ఈ వ్యాసం ముగిసేలోగా పాఠకులకు మనవి చేయగలము. ఎనిమిది చావులు జరిగినా గూడు ఖాళీ కాలేదన్న విషయాన్ని మాత్రం ఇక్కడ జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరుతున్నాము.

ఆ తరువాత కొద్దికాలానికే ఆయన కొట్టిన ఒక పిచ్చుక మెడ కింద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అది మామూలు ఊరపిచ్చుక కాదు. తినదగినదా కాదా అన్న సందేహంతో బాలుడు దాన్ని మేనమామ దగ్గరకు తీసుకువెళ్లాడు. ఆయనకూ తెలియక, ఒక పరిచయ లేఖ ఇచ్చి బొంబాయి సహజ చరిత్ర సంఘానికి పంపారు. 1883లో స్థాపితమైన ఆ సంఘానికి అప్పట్లో మిల్లార్డ్ దొర కార్యదర్శి. ఆయన బాలుని ఆదరించి, అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పి, సంఘంలో భద్రపరచిన వందలాది పక్షుల నమూనాలను అరలు తెరిచి చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. చర్మం ఒలిచి పక్షిని భద్రపరచే విధానం నేర్పే ఏర్పాటు చేశారు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడని ఒక మేనమామ, అడిగిన పిల్లవానికి తలుపు తెరిచిన ఒక కార్యదర్శి, ఈ ఇద్దరూ కలిసి ఒక శాస్త్రవేత్తను తయారుచేశారనడం అతిశయోక్తి కాదు.

కళాశాల చదువు ఆయనకు కలిసిరాలేదు. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద ముగించి సెయింట్ జేవియర్ కళాశాలలో చేరినా, గణితం ఆయనను బెదరగొట్టింది. 1914లో బర్మాలోని తవాయ్‌కి వెళ్లి, కుటుంబపు గనుల, కలప వ్యాపారంలో ప్రవేశించారు. చుట్టూ ఉన్న అడవిలోని పక్షులు ఆయనను వ్యాపారం వైపు చూడనివ్వలేదు. 1917లో బొంబాయికి తిరిగి వచ్చి, వాణిజ్య శాస్త్రంతో పాటు, బ్లాటర్ ఫాదరీ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918లో తహమీనా బేగంతో వివాహమయింది. భారత జంతుశాస్త్ర సర్వే సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఖాళీ అయినప్పుడు, విశ్వవిద్యాలయ పట్టం లేదన్న కారణంగా అది ఆయనకు దక్కలేదు. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని పని దొరికింది. అక్కడ తన చదువు చాలదని గ్రహించి, సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెసెమన్ పండితుని వద్ద శిష్యరికం చేశారు. పక్షి కాలికి అంకె చెక్కిన చిన్న లోహపు కడియం తొడిగి వదలడం, అది మళ్లీ చిక్కినప్పుడు దాని ప్రయాణాన్ని, వయసును లెక్కకట్టడం అనే పద్ధతిని ఆయన అక్కడే, హెలిగోలాండ్ ద్వీపంలో, స్వయంగా చూసి నేర్చుకున్నారు.

1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఆయన ఉద్యోగం లేదు. నిధుల కొరత వల్ల దాన్ని రద్దు చేశారు. నిరుద్యోగి అయిన ఆయన భార్యతో కలిసి బొంబాయికి ఎదుట, సముద్రం ఆవలి కిహీం గ్రామంలోని ఇంటికి చేరారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. పని లేని మనిషికి ఆ గూళ్లే పని అయినవి. నిచ్చెన మీద గుడ్డ మరుగు కట్టించుకుని, దానిలో కూర్చుని, వానకాలమంతా ప్రతి గూటినీ విడివిడిగా గుర్తుపెట్టుకుని పరిశీలించారు. గూడును అల్లేది మగపక్షి. సగం అల్లిన గూటిని ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితే అందులో స్థిరపడుతుంది. అప్పుడు మగపక్షి దాన్ని పూర్తిచేసి, వెంటనే మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షిని ఆహ్వానిస్తుంది. మన పల్లెల్లో బావి పక్కన, ఈతచెట్టు కొసన ఎవరైనా చూడగల ఈ వింతను అంత వివరంగా రాసినవారు అంతకుముందు లేరు. 1931లో అచ్చయిన ఆ వ్యాసం ఆయనకు దేశదేశాల్లో పేరు తెచ్చింది. ఉద్యోగం పోయిన సంవత్సరమే ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైన సంవత్సరాలలో ఒకటి కావడం నిరుద్యోగ భయంతో చదివే మన విద్యార్థులు గమనించదగిన విషయం.

తరువాత సలీం అలీ దేశంలోని సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు. తనకు జీతం అక్కరలేదు. బస, ప్రయాణం ఖర్చులు భరిస్తే ఆ సంస్థానంలోని పక్షులన్నింటినీ సర్వే చేసి పెడతానన్నారు. దానికి అంగీకరించినవాటిలో నిజాం ప్రభుత్వం ఒకటి. 1931–32లో జరిగిన హైదరాబాదు సంస్థాన పక్షి సర్వే ఆయనను మా నల్లమల ఇంటి ముంగిటికే తీసుకువచ్చింది. కృష్ణకు ఉత్తరాన ఉన్న ఆమ్రాబాదు పీఠభూమిలో, మన్ననూరు, ఫరహాబాదు అడవుల్లో ఆయన గుడారం వేశారు. తహమీనా బేగం నగర సౌఖ్యాలు వదులుకుని ఆ అడవి బసల్లో ఆయన వెంట నడిచారు. అడవికి అసలైన కాపురస్థులైన చెంచులను ఆయన అక్కడ దగ్గరగా చూశారు. సర్వే ఫలితాలు 1933–34లో బొంబాయి సంఘం పత్రికలో భాగాలుగా వెలువడినవి. నదికి ఈవల ఉన్న మార్కాపురం, కంభం ప్రాంతాలు ఆనాడు మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాకు చెందినవి. నిజాం సర్వే ఇటు దాటలేదు. అయితే దానికి కొద్దిముందే, 1929–30లో, వెర్నే అనే దాత ఇచ్చిన ధనంతో అదే బొంబాయి సంఘం తూర్పు కనుమల పక్షులను సర్వే చేయించింది. ఆ జాబితాలో మా నల్లమల కూడా చేరింది. పక్షికి సంస్థానపు సరిహద్దు తెలియదు. ఆ రెండు సర్వేలను పక్కపక్కన పెట్టుకుంటే దాదాపు వందేళ్ల నాటి నల్లమల పక్షిలోకం ఈనాటికీ కళ్లకు కడుతుంది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత తహమీనా బేగం హఠాత్తుగా మరణించారు. సలీం అలీ మళ్లీ వివాహం చేసుకోలేదు. సోదరి, బావగారి ఇంట ఆశ్రయం పొంది, మిగిలిన జీవితమంతా పక్షులకే ధారపోశారు. 1941లో వెలువడిన ఆయన గ్రంథం భారతదేశపు పక్షులను సామాన్య పాఠకునికి పరిచయం చేసి, అనేక ముద్రణలు పొందింది. 1947 తరువాత బొంబాయి సంఘం డబ్బు లేక మూతపడే స్థితికి వచ్చినప్పుడు ప్రధాని నెహ్రూకు రాసి సహాయం తెప్పించి నిలబెట్టారు. 1950లో స్వీడన్‌లోని ఉప్సలాలో జరిగిన అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభకు తన మోటారు సైకిల్ మీద చేరుకుని అక్కడి పండితులను ఆశ్చర్యపరిచారు. ఆనాటికి ఆయన వయసు యాభై దాటింది.

అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీతో కలిసి ఆయన రచించిన బృహద్గ్రంథం 1968 నుండి 1974 వరకు 10 సంపుటాలుగా వెలువడినది. రాబందులు, గద్దలు, డేగలు, సాళువాలు మొదటి సంపుటంలోనే ఉన్నాయి. ప్రతి పక్షికీ గూడు పెట్టే కాలం, గూటి స్థానం, గుడ్ల సంఖ్య, పొదిగే దినాలు ఇచ్చారు. మామూలు రాబందు ఆనాడు దేశమంతటా అతిసాధారణమైన పక్షి. దాని గురించి ఆందోళన పడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. 1960 దశకం చివర సోవియట్ పండితుడు గాలూషిన్ ఢిల్లీ నగరంలో సుమారు 150 చదరపు కిలోమీటర్ల మేర వేటపక్షుల గూళ్లను లెక్కించి, రాబందులే దాదాపు 400 జతలు ఉన్నాయని తేల్చారు. 1980 దశకంలో విమానాలకు రాబందులు తగిలి ప్రమాదాలు జరుగుతున్నందున, వాటిని విమానాశ్రయాల నుండి దూరంగా ఉంచడం ఎలాగో బొంబాయి సంఘమే పరిశోధన చేయవలసి వచ్చింది. అంతటి సమృద్ధి ఆనాడు!

ఇక్కడ వేటపక్షుల గూళ్ల సంగతి కొంత వివరించవలసి ఉన్నది. ఉర్దూ పుటలు చదివే మిత్రులకు షాహీన్ ఆత్మగౌరవానికి చిహ్నంగా పరిచితమే. తెలుగు పుటలు చదివేవారికి సీతమ్మ కోసం రెక్కలు తెగి నేలకూలిన జటాయువు పరిచితుడే. షాహీన్ పుల్లలు ఏరి గూడు కట్టదు. నిటారు చరియలోని అరుగు మీదనే గుడ్లు పెడుతుంది. పొడుగు ముక్కు రాబందు కూడా చరియలనే ఆశ్రయిస్తుంది. మామూలు రాబందుకు పెద్ద చెట్టు కావాలి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. ఇంచుమించు ఏడు వారాలు తల్లిదండ్రులు మార్చి మార్చి పొదుగుతాయి. ఆ తరువాత మూడు నెలలకు పైగా పిల్లకు మేత తెచ్చి పెట్టాలి. ఆ పిల్ల మళ్లీ గూడు పెట్టే ఈడుకు రావడానికి ఐదేళ్లు పడుతుంది. ఇటువంటి పక్షిని ఒక సంవత్సరం చూసి ఏమీ చెప్పలేము. ఒక ఏడు గూడు ఖాళీగా ఉంటే కరువు కావచ్చు, గాలివాన కావచ్చు. ఒక ఏడు గూడు నిండుగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నదనీ చెప్పలేము. అదే గూటిని, అదే నెలలో, అదే విధంగా, ఏడేడు సంవత్సరాలు చూస్తేనే నిజం బయటపడుతుంది.

గుర్రపుసాల పిచ్చుకల కథ ఇక్కడికి తిరిగి వస్తున్నది. పక్షుల సంఘంలో గూడు దొరకని పక్షులు కొన్ని ఎప్పుడూ బయట వేచి ఉంటాయి. గూటి యజమాని మరణిస్తే ఆ స్థానం వెంటనే నిండుతుంది. చూసేవారికి నిన్న ఉన్న గూడే నేడూ కనిపిస్తుంది. లోపల మాత్రం నిల్వ కరిగిపోతూ ఉంటుంది. నిల్వ పూర్తిగా కరిగిన నాడే గూడు ఖాళీ అవుతుంది. అప్పటికి చాలా ఆలస్యమయి ఉంటుంది. చెరువు మట్టం అడుగంటాక కరువు వచ్చిందని గుర్తించినట్లే ఇదీను.

ఇంగ్లండులో ఇటువంటిదే ఒకటి జరిగింది. పందెపు పావురాలను పెంచేవారు బైరి డేగలు మితిమీరి పెరిగి తమ పావురాలను తింటున్నాయని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1961–62లో ర్యాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో ఆ దేశంలోని డేగ చరియలన్నీ గాలించి చూడగా, డేగలు పెరగడం అటుంచి, ఉన్నవే నశిస్తున్నాయని తేలింది. పాత సేకరణలలోని గుడ్ల పెంకులను తూచి చూస్తే, పొలాల్లో డి.డి.టి. చల్లడం మొదలైన తరువాతి గుడ్ల పెంకులు పలచబడిన సంగతి బయటపడింది. తల్లి బరువుకే గుడ్లు పగిలిపోతున్నాయి. ఎప్పుడో ఎవరో ఉబలాటం కొద్దీ సేకరించి తేదీ వేసి దాచిన గుడ్లే ఆ నేరానికి సాక్ష్యమయ్యాయి.

సలీం అలీ మన దేశంలో అటువంటి సాక్ష్యాన్ని సమకూర్చే పనికి పునాది వేశారు. 1959 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో బొంబాయి సంఘం పక్షులకు కడియాలు తొడిగే బృహత్కార్యక్రమం చేపట్టింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి ఆశ్రయం దానికి ముఖ్య కేంద్రమయింది. అక్కడే 1980 నుండి పదేళ్లపాటు సంఘం ఒక దీర్ఘకాల పరిశోధన జరిపింది. ఆ పరిశోధన చెప్పిన ఒక పాఠాన్ని మేము దాచదలచుకోలేదు. భరత్‌పూర్‌లో పశువుల మేతను నిషేధించాలన్న పక్షాన సలీం అలీ కూడా నిలిచారు. 1982లో నిషేధం అమలైనప్పుడు చుట్టుపట్ల గ్రామస్థులు ఎదిరించగా పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం కలిగింది. తీరా పదేళ్ల లెక్కలు చూస్తే, గేదెలు మేయకపోవడం వల్ల గడ్డి పెరిగి నీటిని కప్పివేసి, పక్షులకు మేలుకన్న కీడే ఎక్కువ జరిగినట్లు తేలింది. ఆయన నెలకొల్పిన పద్ధతే ఆయన అభిప్రాయాన్ని తప్పని నిరూపించింది. గొర్రెలు, మేకలు తోలుకుని నల్లమల అంచున బతికే మావంటివారికి ఈ సంగతి ఎంతో విలువైనది. ఎంతటి పెద్దవారి మాటనైనా లెక్క ముందు నిలబెట్టి చూడాలనే నీతి ఇందులో ఉన్నది. సలీం అలీ కీర్తికి దీనివల్ల లోటు లేదు. ఆయన నేర్పిన విద్యకు ఇది నిదర్శనం.

పట్టం లేదని ఒకనాడు ఉద్యోగం నిరాకరింపబడిన ఆ మనిషికి తరువాత గౌరవాలు వెల్లువెత్తినవి. ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఇచ్చింది. 1958లో అలీగఢ్, 1973లో ఢిల్లీ, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటులు ప్రదానం చేసినవి. పాల్ గెట్టీ బహుమతిగా వచ్చిన ధనాన్ని ఆయన ప్రకృతి సంరక్షణ నిధికే వినియోగించారు. 1985లో రాజ్యసభ సభ్యులుగా నియమితులయ్యారు. అదే ఏడు ఆత్మకథ వెలువడినది. దాని పేరులో ఆనాటి పిచ్చుకే ఉన్నది. 1986 జనవరిలో, శతాబ్దం తొలినాళ్ల తరువాత ఎవరికీ కనపడక, అంతరించినదనుకున్న కలివికోడి కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో బొంబాయి సంఘం పరిశోధకుల కంటపడింది. ఆ చుట్టుపట్ల ఊళ్లవారికి ఆ పిట్ట పేరుతో సహా తెలుసు! ఆ శుభవార్త విన్న మరుసటి సంవత్సరం, 1987లో, తొంభై ఏళ్లు నిండిన ఆ వృద్ధ శాస్త్రవేత్త బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన లేని తరువాత జరిగినది చెప్పకపోతే ఆయన జీవితకథ అసంపూర్ణమవుతుంది. భరత్‌పూర్ చెట్ల మీద రాబందు గూళ్లను సంఘం పరిశోధకులు లెక్కిస్తూ వచ్చారు. 1987–88లో 353 జతలు గూళ్లు పెట్టాయి. 1996లో చూస్తే 150 జతలు. మరికొద్ది సంవత్సరాలకు ఆ చెట్ల మీద మామూలు రాబందు గూడు అన్నది లేకుండా పోయింది. మెడ వాల్చి కొమ్మల మీద కూర్చున్న పక్షులు అక్కడికక్కడే రాలిపోయాయి. పాత లెక్క చేతిలో ఉన్నందువల్లనే ఈ వినాశం శాస్త్రలోకానికి తెలిసివచ్చింది. వెంటనే దేశమంతటా వెతికారు. 1992 నుండి 2007 లోపల మన దేశంలో మామూలు రాబందులు వెయ్యింటికి ఒకటి మాత్రమే మిగిలినట్లు, పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు నూటికి మూడు మాత్రమే మిగిలినట్లు తేలింది.

కారణం కోసం ఏళ్ల తరబడి శోధన సాగింది. పాకిస్తాన్‌లోని గూళ్ల కింద చనిపోయిన రాబందులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2004లో కారణాన్ని ప్రకటించారు. పశువుల నొప్పులకు, వాపులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందే అది. ఆ సూది వేసిన పశువు కొద్దిరోజుల్లో చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి మరణిస్తుంది. పశువుకు మేలు చేయాలని రైతు వేయించిన సూది రాబందుకు యమపాశమయింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. 2006లో పశువులకు ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతుండడంతో 2015లో వాటినీ కట్టడి చేసింది. అదే కీడు చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023లో పశువైద్యంలో నిషేధించింది. హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఏర్పడింది. రాబందులు పోయినచోట కళేబరాలు కుళ్లి, కుక్కలు పెరిగి, నీరు చెడినందువల్ల 2000 నుండి 2005 వరకు దేశంలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని 2024లో ప్రచురితమైన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన అంచనా వేసింది. పక్షి గూడు ఖాళీ అయితే మనిషి ఇల్లు కూడా ఖాళీ కావచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

తెలుగునేల మీద ఆశ పూర్తిగా అడుగంటలేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. అటవీశాఖవారు స్థానికులను కాపలా పెట్టి ఆ చరియను కనిపెట్టి చూస్తూ వచ్చారు. చరియలు మా నల్లమలలోనూ ఉన్నాయి. గుండ్లకమ్మ పుట్టిన ఆ కొండల్లో నిటారు గోడల వంటి బండలు, ఎత్తయిన చెట్లు, పులుల అభయారణ్యపు నిశ్శబ్దం ఉన్నాయి. వెలిగొండ పథకం కోసం సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు అడ్డకట్టలు కట్టారు. నీరు రావాలి, ఈ కరువు సీమకు అది ప్రాణం. అయితే నీటితో పాటు కొండ అంచున ఏమేమి మారుతున్నదో చూసి రాసేవారు కూడా ఉండాలి. ముందటి లెక్క లేనిదే తరువాతి మార్పును ఎవరూ నిరూపించలేరు.

విద్యార్థి మిత్రులారా! ఈ పనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, వీలైతే కళాశాలకు ఒక దుర్భిణి చాలు. ఊరి చెరువుగట్టు మీది గరుడపక్షి గూడు, మర్రిచెట్టు మీది గద్ద గూడు, తోటలోని చిన్న డేగ గూడు, వీటితో మొదలుపెట్టవచ్చు. గూడు ఉన్న చెట్టుకు ఒక అంకె ఇవ్వండి. నెలకు రెండుసార్లు, దూరం నుండి మాత్రమే చూడండి. పొదుగుతున్నదా, పిల్ల ఉన్నదా, ఎగిరిపోయిందా, తేదీతో రాయండి. ఏమీ కనపడని రోజున ఏమీ కనపడలేదనే రాయండి. ఆ ఖాళీ కూడా లెక్కే. చెట్టు ఎక్కవద్దు, గుడ్డు ముట్టవద్దు, గూటి దగ్గర గుంపుకూడవద్దు. అభయారణ్యంలోనికి అటవీశాఖ అనుమతి లేనిదే పోవద్దు. ఇంట్లో పశువుకు సూది వేయించేటప్పుడు ఆ మందు పేరేమిటో డాక్టరును అడగండి. చదువు ముగించి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని తరువాతి తరగతివారి చేతికి అప్పగించి వెళ్లండి. పది తరగతులు మారినా పుస్తకం మారకూడదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. గ్రంథాలయంలో ఒక బీరువాలో ఒక అర ఈ పుస్తకానికి కేటాయించండి. ఏటేటా వార్షిక సంచికలో ఆ లెక్కకు ఒక పుట ఇవ్వండి. ఉర్దూ చదివినవారు ఉర్దూలో, తెలుగు చదివినవారు తెలుగులో రాయవచ్చు; అంకెలు ఇద్దరికీ ఒక్కటే. తల్లిదండ్రులు లేని ఒక పిల్లవానికి ఒక సంఘం తలుపు తెరిచినందువల్ల దేశానికి ఒక సలీం అలీ లభించారు. నల్లమల అంచున, అర్ధవీడు వంటి ఒక ఊరిలో, పిట్ట పేరేమిటని అడగడానికి వచ్చే పిల్లవాడు రేపు మన గుమ్మం ముందే నిలబడవచ్చు. ఆనాటికి మన అర ఖాళీగా ఉండకూడదని కోరుకుంటూ, ఆ మహనీయునికి నమస్కరించి ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము.